మా 9వ నంబరు మళ్లీ గోల్ కొట్టడానికి పట్టిన 26 రోజులు

జూన్ 9 నుంచి జూలై 5 దాకా మా ఇంట్లో పొద్దున కాఫీతో పాటు రోజూ ఒకటే ప్రశ్న. "కొట్టాడా మీవాడు?"

మా ఆవిడకి ఫుట్‌బాల్ తెలియదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో రెండుసార్లు చెప్పబోయాను, రెండుసార్లూ పప్పులో ఉప్పు చూసొస్తానని లేచి వెళ్లిపోయింది. కానీ కంప్యూటర్‌లో నేను డబ్బు పోసి కొన్న కుర్రాడొకడు గోల్స్ కొట్టడం మానేశాడనీ, దానివల్ల నాకు నిద్ర పట్టడం లేదనీ మాత్రం ఆమెకి బాగానే అర్థమైంది.

ఆట పేరు ఫుట్‌బాల్ మేనేజర్ 2024, మనం ఒక టీమ్‌కి మేనేజరుగా ఉండి నడిపించే కంప్యూటర్ ఆట. తర్వాతి ఏడాదిది వస్తుందని కాచుకుని కూర్చున్నాం, 2025 ఫిబ్రవరిలో దాన్ని రద్దు చేశామన్నారు, ఇక అప్పటికి పాతదే గతి. నా టీమ్ ఇంగ్లండులోని సండర్లాండ్. మా బామ్మర్ది అక్కడే ఎమ్మెస్సీ చేశాడు. వెళ్లిన మొదటి వారమే స్టేడియం ఆఫ్ లైట్ ముందు నిలబడి ఫొటో పంపాడు. ఒకప్పటి బొగ్గు గని చోట కట్టిన స్టేడియం అది, బయట గని కార్మికులు పట్టుకునే దీపం బొమ్మ పెద్దది పెట్టారు. ఆ ఫొటో చూసే ఆ టీమ్ ఎంచుకున్నాను. నిజం సండర్లాండ్ 2025 మే 24న వెంబ్లీలో షెఫీల్డ్ యునైటెడ్‌ని 2-1తో ఓడించి ఎనిమిదేళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌కి వెళ్లిపోయింది. గెలిపించిన గోల్ 95వ నిమిషంలో, 19 ఏళ్ల కుర్రాడిది. బామ్మర్ది అక్కణ్నుంచి ఫోన్ చేసి చాలాసేపు అరిచాడు. నా సండర్లాండ్ మాత్రం ఆటలో రెండో సీజన్‌కి వచ్చినా ఇంకా ఛాంపియన్‌షిప్‌లోనే, అంటే ప్రీమియర్ లీగ్ కింది లీగ్‌లోనే, 46 మ్యాచ్‌ల ఆ బురదలోనే ఉంది.

ఆ బురదలోంచి లాగుతాడనే ఇతన్ని కొన్నాను. స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టడమే పని. బ్రెజిల్ కుర్రాడు, 23 ఏళ్లు, పోర్చుగల్‌లో ఆడుతున్నాడు. 42 లక్షల పౌండ్లు, వారానికి 16 వేలు జీతం. ఇరవైకి ఫినిషింగ్, అంటే షాటుని గోల్ చేసే నేర్పు, 15, బంతి లేనప్పుడు కదలిక 14, వేగం 14. చెప్పుకోదగ్గ లోటల్లా కంపోజర్, అంటే ఒత్తిడిలో నిబ్బరం, 11. పేరు ఎందుకులెండి, ఆట సృష్టించిన మనిషే. చొక్కా మీది నంబరుతో మా ఇంట్లో అందరం 'తొమ్మిది' అనే అంటాం.

మొదటి మూడు మ్యాచ్‌ల్లో రెండు గోల్స్ కొట్టాడు. రెండోది ఆటలో తేదీ 2024 ఆగస్టు 24. ఆ తర్వాత తలుపు మూసుకుపోయింది.

గోల్ లేని మొదటి మూడు మ్యాచ్‌లు నేను పట్టించుకోలేదు. నాలుగోదీ అయ్యాక సెప్టెంబర్ చివర్లో అతన్ని పిలిచి మాట్లాడాను. ఆటలో ఆటగాడితో విడిగా మాట్లాడే వీలుంది, ఈమధ్య ఫామ్ బాగుందని మెచ్చుకోవచ్చు, బాగాలేదని విమర్శించనూ వచ్చు. నేను రెండోది నొక్కాను. పెద్దరికం అనుకున్నాను. తన వంతు తను చేస్తూనే ఉన్నానని, ఇది అన్యాయమని అతను తిరిగి జవాబిచ్చాడు. నేను తగ్గలేదు. సంభాషణ ముగిసేసరికి అతని మొరేల్, అంటే మనోబలం, 'గుడ్' నుంచి 'పూర్'కి పడింది, బాణం గుర్తు ఎర్రగా కిందికి తిరిగింది.

బామ్మర్దికి ఫోన్ చేశాను. మనకి రాత్రి పదకొండయితే అక్కడ సాయంత్రం ఆరున్నర, వాడు ఆఫీసు నుంచి నడిచి వస్తూ ఉంటాడు.

"బావా, కొత్తల్లుణ్ని మొదటి పండక్కే ఎవరైనా తిడతారా?" అన్నాడు.

"నాలుగు మ్యాచ్‌లురా."

"నాలుగే కదా. ముందు వాణ్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ."

నేను పీల్చుకోనివ్వలేదు. ట్రైనింగ్‌లో అతనికి విడిగా ఫినిషింగ్ మీద అదనపు సాధన పెట్టాను, తీవ్రత రెట్టింపు చేశాను. ఇది కొత్తగా ఆడేవాళ్లందరూ చేసే పనే అనుకుంటా. గోల్ పడకపోతే షాటు నేర్పిద్దాం అనిపిస్తుంది. ఇక్కడ నాకు తెలియని విషయం ఒకటుంది: ఆ అంకెలు కదలాలంటే నెలలు పడుతుంది, 15 కాస్తా 16 అయ్యేసరికి క్రిస్మస్ దాటుతుంది. అలసట మాత్రం వారంలో వచ్చేస్తుంది. పని ఎక్కువైందని అతను ఒకసారి మొర పెట్టుకున్నాడు. గాయం అయ్యే అవకాశం ఎక్కువగా ఉందని మెడికల్ విభాగం నుంచి రిపోర్టు కూడా వచ్చింది. రెండూ చదవకుండానే కంటిన్యూ నొక్కాను. అప్పటికి రాత్రి పన్నెండున్నర.

విలేకరుల సమావేశాల సంగతి కూడా చెప్పాలి. ప్రతి మ్యాచ్ ముందూ అదే ప్రశ్న, మీ స్ట్రైకర్ గోల్స్ లేక ఇబ్బంది పడుతున్నాడు, మీరేమంటారు అని. మొదట్లో ప్రతిసారీ అసిస్టెంటుకి వదిలేశాను. వాడు ఏం చెబుతున్నాడో చూడనైనా చూడలేదు. ఇలాంటి టైములో మన నోటితో ఒక ముక్క వెనకేసుకురావాలని నాకు తట్టడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

అక్టోబర్ 19. మిడిల్స్‌బ్రో మీద మ్యాచ్. ముందు రోజు బామ్మర్ది ఇచ్చిన సలహా మీద పెనాల్టీలు అతనికే అప్పజెప్పాను. ఒక్క గోల్ ఎలాగోలా పడితే చాలు, మిగతావి అవే వస్తాయని వాడి సిద్ధాంతం. 64వ నిమిషంలో నిజంగానే పెనాల్టీ వచ్చింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. చిన్న బొమ్మ మనిషి నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగెత్తి, గోల్‌కీపర్ కడుపులోకి మెత్తగా తన్నాడు, ఇంట్లో పిల్లాడికి బంతి అందించినట్టు. మ్యాచ్ 1-1.

ఇక్కడ నేను ఒక పాపం చేశాను. ఆట మూసేసి, మ్యాచ్‌కి ముందున్న సేవ్ తెరిచి మళ్లీ ఆడాను. ఈ ఆట ఆడేవాళ్లలో ఈ పని చెయ్యని వాళ్లు తక్కువ, ఒప్పుకునేవాళ్లు అంతకన్నా తక్కువ. రెండోసారి పెనాల్టీ రాలేదు. 0-3తో ఓడిపోయాం. 38వ నిమిషంలో తొమ్మిది తొడ పట్టుకుని కూలబడ్డాడు, రెండున్నర వారాలు ఆటకి దూరం. మూడోసారి తెరుద్దామా అనుకునేలోపే ఆటోసేవ్ తన పని తాను చేసేసింది. 1-1 ఉన్నచోట 0-3, గోల్ లేని స్ట్రైకర్ ఉన్నచోట గోలూ లేక కాలూ లేక మంచమెక్కిన స్ట్రైకర్. ఆ రాత్రి రెండింటికి పడుకున్నాను, పొద్దున ఆఫీసు క్యాబ్ దాటిపోయింది, ఆటోకి 340 రూపాయలు. మా ఆవిడకి క్యాబే ఆలస్యంగా వచ్చిందని చెప్పాను. నమ్మలేదు.

అతను లేని మూడు వారాలూ ఒక రకంగా మేలే చేశాయి. చెయ్యడానికి ఏమీ లేక అతని పేజీలన్నీ తీరిగ్గా చదివాను. ఒక మూల కనపడింది: అతనికి ఇంగ్లీషు రాదు, టీమ్‌లో కలవడానికి ఇబ్బంది పడుతున్నాడు. ఆటలో జూలై నుంచీ ఆ మాట అక్కడే ఉంది! భాష నేర్పే కోర్సుకి పంపే వీలుంటుంది, పంపాను. బామ్మర్దికి ఈ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. వాడు వెళ్లిన కొత్తల్లో సండర్లాండ్ వాళ్ల యాస అర్థంకాక, కొట్లో రొట్టె కొనడానికి కూడా వేలు చూపించేవాడట. "మూడు నెలలు నేనూ గోల్ కొట్టలేదు బావా," అన్నాడు.

నవంబర్ 9న గాయం నుంచి తిరిగొచ్చి చివరి 35 నిమిషాలు ఆడాడు. ఏమీ లేదు. మరుసటి సోమవారం అండర్-21, అంటే క్లబ్ కుర్రాళ్ల టీమ్, మ్యాచ్ ఉంది. ఇందులో చిన్న కిటుకు ఉంది. ఆటగాణ్ని అండర్-21 టీమ్‌లోకి దింపేస్తే అవమానంగా తీసుకుంటాడు. ఫస్ట్ టీమ్‌లోనే ఉంచి, మ్యాచ్ ఫిట్‌నెస్ కోసం ఆ మ్యాచ్‌కి అందుబాటులో ఉంచితే ఏమీ అనుకోడు. అక్కడ మూడు గోల్స్ కొట్టాడు. పద్దెనిమిదేళ్ల పిల్లల మీద కొట్టినవే కానీ, మూడూ మూడే. ఆ వారం ట్రైనింగ్ రేటింగ్ 7.9 వచ్చింది. ఈసారి పిలిచి ట్రైనింగ్ బాగా చేస్తున్నావని మెచ్చుకున్నాను. సంతోషించాడు. బాణం పచ్చగా మారి పైకి తిరిగింది. ఆ పచ్చ బాణం చూసి నేను పడ్డ ఆనందం, మొన్న మార్చిలో నాకు జీతం పెరిగినప్పుడు కూడా పడలేదు.

అసలు విషయం తెలిసింది మాత్రం జూన్ 28 శనివారం మధ్యాహ్నం. ఆటలో నవంబర్ అంతర్జాతీయ విరామం, రెండు వారాలు మ్యాచ్‌లు లేవు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. ఆటలో లెక్కలన్నీ ఉండే డేటా హబ్ తెరిచి, ఆగస్టు 24 తర్వాత అతను కొట్టిన షాట్లన్నీ మ్యాప్ మీద చూశాను.

మొత్తం 19 షాట్లు. అందులో 12 పెనాల్టీ బాక్సు బయట నుంచి. ఎక్స్‌జీ, అంటే ఆ చోట్ల నుంచి కొట్టిన షాట్లకి మామూలుగా ఎన్ని గోల్స్ రావాలన్న లెక్క, అన్నీ కలిపి 1.6. పదికి పది పోగొట్టాడని నేను అనుకుంటూ వచ్చాను. మనిషికి వచ్చిందే ఒకటిన్నర గోల్ సరుకు. ఇంకా ఘోరం, బాక్సు లోపలున్న ఆ ఏడు చుక్కల్లో ఆరు గోల్‌కి ఎడమ పక్కన, అంచుల్లో ఉన్నాయి. మధ్యలో ఉన్నది ఒకే ఒక్కటి.

నేనెప్పుడూ ముఖ్యమైన ఘట్టాలే చూపించే సెట్టింగులో మ్యాచ్‌లు చూస్తాను, పావుగంటలో అయిపోతాయి. ఆ రోజు సెప్టెంబర్ 21 మ్యాచ్‌ని మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా చూశాను. టీ చల్లారిపోయింది. నలభై నిమిషాలు చూసేసరికి బొమ్మ కట్టింది. ఎడమ వింగర్, అంటే అంచు వెంట ఆడాల్సినవాడు, లోపలికి కోసుకొస్తాడు. కుడి వింగర్ కూడా లోపలికి కోసుకొస్తాడు. వెనకాల ఉన్న పదో నంబరు కూడా సరిగ్గా అదే చోటికి పరుగెత్తుతాడు. ముగ్గురూ వచ్చి వాలేది గోల్ ముందు మధ్యలోనే. తొమ్మిది మొదట అక్కడే నిలబడతాడు, వీళ్లు రాగానే, ఇరుకు బస్సులో ఆడవాళ్లు ఎక్కితే సీటు ఇచ్చి లేచే మర్యాదస్తుడిలా, ఎడమ పక్కకి జరిగిపోతాడు. క్రాస్, అంటే పక్క నుంచి గోల్ ముందుకి బంతి, వేసేవాళ్లు ఎవరూ లేరు. ఒకసారయితే ఖాళీగా నిలబడి రెండు చేతులూ ఎత్తి అడిగాడు. బంతి అటు వెళ్లలేదు.

ఈ అమరిక ఎప్పుడు వచ్చింది? పాత మ్యాచ్ రిపోర్టులు ఒక్కొక్కటే తిరగేశాను. ఆగస్టు 24న 4-4-2, ఇద్దరు స్ట్రైకర్లు, వింగర్లు గీత పక్కనే. ఆగస్టు 27న ఒక కప్ మ్యాచ్‌లో అతనికి విశ్రాంతినిచ్చి ఓడిపోయాం. ఆ కోపంలో, రాత్రి ఒంటిగంటకి, 4-2-3-1కి మార్చింది నేనే. వింగర్లిద్దర్నీ ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లుగా, అంటే లోపలికి వచ్చేవాళ్లుగా, చేసిందీ నేనే. పక్కనున్న తోడుని తీసేసి, తొమ్మిదిని ఒంటరిగా, కిందికి దిగి బంతి అందుకునే పాత్రలో పెట్టిందీ నేనే. ఆ సంగతే మర్చిపోయాను. ఆ మార్పు చేసిన రోజుకీ, గోల్స్ ఆగిన రోజుకీ మధ్య దూరం మూడు రోజులు.

కాసేపు స్క్రీన్ ఆపేసి బాల్కనీలో నిలబడ్డాను. ఎవరికైనా సారీ చెప్పాలనిపించింది, కానీ అలాంటి బటన్ ఏదీ లేదు. బామ్మర్దికి మెసేజ్ పెడితే నవ్వే బొమ్మలు వరసగా పన్నెండు పంపాడు.

మార్చినవి ఎక్కువేం లేవు. కుడి వింగర్‌ని మళ్లీ గీత పక్కకి పంపి క్రాసులు వెయ్యమన్నాను. పదో నంబరుని కాస్త వెనక్కి లాగాను. తొమ్మిదిని అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్ చేసి, నువ్వు కిందికి రాకు, డిఫెండర్ల భుజం మీదే ఉండు అన్నాను. అదనపు ఫినిషింగ్ సాధన పూర్తిగా తీసేశాను. పెనాల్టీల బాధ్యత కూడా తీసి వేరేవాడికిచ్చాను. మార్చిన వెంటనే ఫలితం ఉండదు, టీమ్‌కి కొత్త పద్ధతి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ అలవాటుని చూపించే గీత తెర మీద మెల్లగా నిండుతుంది. ఈ నిరీక్షణే నాకు అన్నిటికన్నా కష్టమైంది. ప్రతి మ్యాచ్ తర్వాతా మౌసు తీసుకెళ్లి టాక్టిక్స్ పేజీ మీద పెట్టి, మళ్లీ వెనక్కి తీసుకునేవాణ్ని.

నవంబర్ 23, చివరి అరగంటకి దింపాను. ఒక హెడర్, పైనుంచి పోయింది. 26న తొంభై నిమిషాలు. పోస్టుకి తగిలింది. 30న మళ్లీ తొంభై. కీపర్ రెండు ఆపాడు. గోల్ లేదు, కానీ ఎక్స్‌జీ ఆ రెండు మ్యాచ్‌ల్లోనే 1.4. ఆ రాత్రి నిమిషాలు కూడితే 913. ఆ అంకె చూడగానే స్పెయిన్ స్ట్రైకర్ ఫెర్నాండో టోరెస్ గుర్తొచ్చాడు. 2011 జనవరి 31న చెల్సీ 5 కోట్ల పౌండ్లు పోసి తెచ్చుకుంటే, అక్కడ మొదటి గోల్ ఏప్రిల్ 23న వెస్ట్‌హామ్ మీద, 903 నిమిషాల తర్వాత. వానకి గ్రౌండులో నీళ్లు నిలిచి బంతి ఆయన కాళ్ల దగ్గరే ఆగిపోయింది, తిరిగి కొట్టాడు. మావాడు ఆయన్ని పది నిమిషాలు దాటేశాడు. మా ఊళ్లో, అంటే ఆటలో, వాన కూడా పడటం లేదు.

డిసెంబర్ 7 మ్యాచ్. ముందు విలేకరుల సమావేశానికి నేనే వెళ్లాను. గోల్స్ గురించి అడిగితే అతని మీద పూర్తి నమ్మకం ఉందన్నాను. టీమ్ టాక్‌లో అందరికీ మామూలు మాటలు చెప్పి, అతనికి మాత్రం విడిగా 'నీ మీద నాకు నమ్మకముంది' అన్నది ఎంచుకున్నాను. పేరు పక్కన పచ్చరంగు పడింది. మైదానం పక్క నుంచి అరవడాలు ఇవాళ వద్దనుకున్నాను. అంతకుముందు ప్రతి పది నిమిషాలకీ 'ఇంకా కావాలి' అని అరిచేవాణ్ని, ఎవరికి మేలు జరిగిందో దేవుడికే తెలియాలి.

71వ నిమిషం, 0-0. కుడి పక్క నుంచి కార్నర్. మా సెంటర్ బ్యాక్ తల తగిలించాడు, వాళ్ల డిఫెండర్ గీత మీద నుంచి గట్టిగా బయటికి తన్నాడు. అడుగు దూరంలో తొమ్మిది ఉన్నాడు. కనీసం బంతి వైపు చూడటం లేదు. బంతి అతని మోకాలికి తగిలి లోపలికి దూసుకుపోయింది. ఆఫ్‌సైడేమోనని నా గుండె ఆగింది, ఛాంపియన్‌షిప్‌లో వీఏఆర్, అంటే వీడియో చూసి నిర్ణయం సరిచెయ్యడం, లేదు, లైన్స్‌మన్ జెండా ఎత్తకపోతే గోలే. ఎత్తలేదు. కార్నర్ జెండా దగ్గరికి పరుగెత్తాడు, పదిమందీ మీద పడ్డారు.

నేను ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. లోపల గది తలుపు తీసుకుని మా ఆవిడ వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంటా నలభై.

"కొట్టాడా?"

"మోకాలితో."

"సరే, ఇక లైటు ఆర్పండి."

మొత్తం లెక్క ఇది: 15 వారాలు, 13 మ్యాచ్‌లు, 984 నిమిషాలు, ఆ వారాలకి అతని జీతం 2 లక్షల 40 వేల పౌండ్లు. నా వైపు నుంచి 26 రోజులు, ఒక ఆటో ఛార్జీ, ఒక అబద్ధం.

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే త్వరగానే జరిగింది. తర్వాతి 11 మ్యాచ్‌ల్లో 8 గోల్స్. బాక్సింగ్ డే, అంటే డిసెంబర్ 26, నాడు రెండు. రెండూ కుడి పక్క నుంచి వచ్చిన క్రాసులే. కంపోజర్ ఇప్పటికీ 11. ఫినిషింగ్ ఇప్పటికీ 15.

జనవరి 29న ఒక ప్రీమియర్ లీగ్ క్లబ్ నుంచి కోటీ 40 లక్షల పౌండ్లకి బేరం వచ్చింది. కుదరదన్నాను. మర్నాడే తొమ్మిది నాతో మాట్లాడాలని వచ్చాడు. పెద్ద క్లబ్‌లో ఆడటం తన కల అట, వెళ్లనివ్వమంటున్నాడు. చాలా మర్యాదగా అడిగాడు. ఇంగ్లీషు బాగానే వచ్చినట్టుంది.

కింద నాలుగు జవాబులున్నాయి. రెండు రాత్రులుగా ఆ కిటికీ అలాగే తెరిచి ఉంది. బామ్మర్దికి ఇంకా చెప్పలేదు. పొద్దున కాఫీ ఇస్తూ మా ఆవిడ మాత్రం అడిగింది, "ఇప్పుడేమైంది మీవాడికి?"